ఒకరి నమ్మకం, ఇంకొకరి కడుపు

2018 మే 26, శనివారం మధ్యాహ్నం. అబార్షన్‌ను అడ్డుకుంటున్న రాజ్యాంగ సవరణను తీసేయాలా వద్దా అని ఐర్లండ్ ముందురోజే ఓటు వేసింది. డబ్లిన్‌లో పోర్టోబెల్లో దగ్గర ఒక పబ్బు గోడ ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఆ గోడ మీద, అబార్షన్ అడిగినా దొరక్క 2012లో ఇక్కడి ఆసుపత్రిలో చనిపోయిన సవిత హలప్పనవర్ ముఖం గీసి ఉంది. చుట్టూ రంగురంగుల చిన్న కాగితాలు, వందల్లో. ఒక్కో కాగితం మీద చేత్తో రాసిన రెండు ముక్కలు. చాలామంది రాసింది క్షమించమనే. నా వయసు వాళ్లు, నాకంటే చిన్నవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాగితం అంటించి, కాసేపు నిలబడి, కళ్లు తుడుచుకుని వెళ్తున్నారు. వాళ్లెవరూ ఆమెను చూసినవాళ్లు కాదు. ఆమె చనిపోయినప్పుడు చాలామంది ఇంకా బడిలో ఉండి ఉంటారు.

నేనూ ఒక కాగితం తీసుకున్నాను. తెలుగులో రాయాలనిపించింది. ‘అక్కా’ అని రాసి ఆగిపోయాను. ఆ తర్వాత మాట రాలేదు. ఆ ఒక్క మాటే అంటించి వచ్చేశాను. ఆమెది బెళగావి, నాది గుంటూరు జిల్లా. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ చదువు కోసం ఈ దేశం వచ్చిన రోజు నుంచి, ఇక్కడి ఆసుపత్రి గుమ్మం తొక్కిన ప్రతిసారీ నాకు ఆమే గుర్తొచ్చేది. ఆ రోజు కాగితం మీద రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

సవిత దంతవైద్యురాలు. భర్త ప్రవీణ్‌తో ఐర్లండ్ పడమటి తీరంలో ఉన్న గాల్వేలో ఉండేది. 2012 అక్టోబర్ 21న, పదిహేడో వారం గర్భంతో, నడుంనొప్పిగా ఉందని ఆసుపత్రికి వెళ్లింది. ఈ కడుపు నిలవదని డాక్టర్లే చెప్పారు. బిడ్డ ఎలాగూ దక్కదని తెలిశాక, ఇక తీసేయమని ఆమె అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఆ గుండె ఆగేదాకా చూశారు. ఈలోగా ఇన్ఫెక్షన్ ఆమె రక్తంలోకి పాకింది. అక్టోబర్ 28న చనిపోయింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. ఇన్ఫెక్షన్ లక్షణాలను సమయానికి పట్టించుకోలేదని తర్వాత జరిగిన విచారణల్లో తేలింది. అక్కడి చట్టాన్ని డాక్టర్లు అర్థం చేసుకున్న తీరు కూడా ఆలస్యానికి ఒక కారణమని తేలింది.

ఆ మంచం దగ్గర జరిగిన ఒక సంభాషణ ఉంది. తీసేయమని అడిగినప్పుడు, ఇది క్యాథలిక్ దేశం అన్నారని ప్రవీణ్ చెప్పాడు. తాను ఐరిష్ కాదనీ క్యాథలిక్ కూడా కాదనీ సవిత అందట. ఆ మాట అన్నది నిజమేనని, ఇక్కడి పరిస్థితి ఆమెకు వివరించడానికే అన్నానని కాన్పుల వార్డు నర్సు 2013లో విచారణలో ఒప్పుకుంది. నర్సులో దుర్మార్గం ఉందని నేను అనుకోను. ఆమె ఉన్నదే చెప్పింది. నాకు భయం వేసేది అందుకే.

అబార్షన్ హక్కు గురించి మాట్లాడేవాళ్లు ఒక గట్టున, మతస్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్లు ఎదుటి గట్టున ఉంటారని మనం అనుకుంటాం. స్త్రీ హక్కు పెరిగితే మతం తగ్గాలి, మతానికి చోటిస్తే స్త్రీ సర్దుకోవాలి అన్నట్టు చర్చలు నడుస్తాయి. గాల్వేలో ఆ మంచం మీద మాత్రం ఆ రెండూ ఒకే హక్కు. తనది కాని మతం తన శరీరం మీద తీర్పు చెబుతుంటే, నేను ఆ మతం దాన్ని కాదు మొర్రో అని ఒక మనిషి అంటోంది. ఆమె అడిగిన వైద్యం ఎంతో, ఆమె అడిగిన మతస్వేచ్ఛా అంతే. రెండూ ఒకేసారి నిరాకరించారు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియకపోతే, 2018లో యువత చేసిన పని విలువ తెలియదు. 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం పవిత్ర త్రిత్వం పేరుతో మొదలవుతుంది. క్యాథలిక్ చర్చికి ‘ప్రత్యేక స్థానం’ ఉందని కూడా అందులో రాశారు. 1972లో ప్రజలు ఓటు వేసి ఆ వాక్యం తీసేశారు. వాక్యం పోయినా అలవాటు పోలేదు. గర్భనిరోధకాలు అమ్మడం అప్పటికి నేరమే. 1971 మే 22న 40 మందికి పైగా స్త్రీలు డబ్లిన్ నుంచి రైలెక్కి, బ్రిటిష్ పాలనలో ఉన్న బెల్‌ఫాస్ట్ వెళ్లి, గర్భనిరోధకాలు కొని, అదే రైల్లో తిరిగొచ్చి కస్టమ్స్ వాళ్ల ఎదుటే వాటిని ఎత్తి చూపించారు. మాత్రలకు డాక్టర్ చీటీ కావాలన్నారని కొందరు ఆస్పిరిన్ కొనుక్కొచ్చి అవే గర్భనిరోధక మాత్రలన్నట్టు చూపించారట. అది చదివినప్పుడల్లా వాళ్ల ధైర్యానికి నాకు గొంతు పూడుకుపోతుంది.

1983లో ఎనిమిదో సవరణ వచ్చింది. కడుపులో ఉన్న ప్రాణానికీ తల్లి ప్రాణానికీ సమాన హక్కు అని రాజ్యాంగంలోనే రాశారు. ప్రతి 100 మందిలో దాదాపు 67 మంది ఔనన్నారు. ఐదు నెలలు తిరక్కముందే, 1984 జనవరి 31న, గ్రానార్డ్ అనే చిన్న ఊళ్లో ఆన్ లోవెట్ అనే 15 ఏళ్ల పిల్ల బడి నుంచి మేరీమాత గుహ దగ్గరికి వెళ్లి, చలిలో, వానలో, ఒంటరిగా కాన్పు అయింది. బిడ్డా పోయింది, ఆ పిల్లా పోయింది. ఆ పిల్ల వెతుక్కుంటూ వెళ్లింది మేరీమాత దగ్గరికే. దేవుడి మీద నమ్మకం లేని పిల్ల కాదు. నోరు విప్పి చెప్పుకోవడానికి మనిషి దొరకని పిల్ల.

ఆ మౌనాన్ని మొదట బద్దలుకొట్టినవాళ్లలో కాలేజీ పిల్లలు ఉన్నారు. 1989లో డబ్లిన్ విద్యార్థి సంఘాలు తమ చేతిపుస్తకాల్లో ఇంగ్లండ్‌లోని క్లినిక్‌ల చిరునామాలు, ఫోన్ నంబర్లు అచ్చువేశాయి. అంతే. అబార్షన్ చేయలేదు, చేయించలేదు. చిరునామా అచ్చువేశారు. దానికే వాళ్ల మీద కోర్టులో కేసు పడింది, జైలుకు పంపాలని వాదించారు. ట్రినిటీ కాలేజీ సంఘం అధ్యక్షురాలు ఐవానా బాచిక్‌కి అప్పుడు ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. వాళ్ల తరఫున వాదించిన లాయర్ మేరీ రాబిన్సన్, మరుసటి ఏడాది దేశానికి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1991 తీర్పు విద్యార్థులకు అనుకూలంగా రాలేదు. మరుసటి ఏడాది, అత్యాచారానికి గురై గర్భవతి అయిన 14 ఏళ్ల పిల్లను ఇంగ్లండ్ వెళ్లకుండా కోర్టు ఆపితే దేశం అట్టుడికిపోయింది. సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞ కొట్టేసింది. 1992 నవంబర్‌లో ప్రజలు ఓటు వేసి సమాచారం పొందే హక్కునూ, ప్రయాణించే హక్కునూ రాజ్యాంగంలో చేర్చారు. మూడేళ్ల ముందు పిల్లలు జైలు భయంతో అచ్చువేసింది, ఇప్పుడు రాజ్యాంగం ఇచ్చిన హక్కు అయింది.

ప్రయాణించే హక్కు అన్నాను కదా. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ హక్కు వల్ల ఐర్లండ్ సమస్య తీరలేదు, సముద్రం దాటి ఇంగ్లండ్‌కు చేరింది. 2016లో ఒక్క ఏడాదిలో 3,265 మంది ఐర్లండ్ చిరునామాలతో ఇంగ్లండ్, వేల్స్ క్లినిక్‌లలో అబార్షన్ చేయించుకున్నారు. వాళ్లకు పాస్‌పోర్ట్ చాలు. నాకు చాలదు. భారతీయ పాస్‌పోర్ట్‌తో ఐర్లండ్‌లో చదువుకునే పిల్ల ఇంగ్లండ్ వెళ్లాలంటే బ్రిటిష్ వీసా కావాలి. దరఖాస్తు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేలిముద్రలు, వారాల ఎదురుచూపు. కారణం ఏమని రాయాలి? ఆ రోజుల్లో మేము నలుగురం తెలుగమ్మాయిలం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఒకరికి నెల తప్పిందని ఒక రాత్రంతా ఎవ్వరికీ నిద్ర లేదు. చివరికి ఏమీ కాలేదు, ఆలస్యంగా వచ్చింది. కానీ ఆ రాత్రి మేము చేసిన లెక్కలు ఇప్పటికీ గుర్తున్నాయి. వీసాకు ఎన్ని రోజులు, టికెట్‌కు ఎంత, ఇంట్లో ఏం చెప్పాలి. అలా వెళ్లలేక చిక్కుకున్నవాళ్ల గురించి వార్తల్లోనూ వచ్చింది. 2014లో ఆశ్రయం కోరి వచ్చిన ఒక యువతి, అత్యాచారం వల్ల వచ్చిన గర్భాన్ని తీయించుకోవడానికి ప్రయాణం చేయలేక, అబార్షన్‌కు అనుమతి దొరక్క, చివరికి సిజేరియన్‌తో కనాల్సి వచ్చింది.

ఆ ఎనిమిదో సవరణ తీసేయాలా వద్దా అని 2018 మేలో జరిగిన రెఫరెండంలో నాకు ఓటు లేదు. రెఫరెండంలో పౌరులకే ఓటు. సవిత బతికి ఉండి, పౌరసత్వం తీసుకోకపోయి ఉంటే ఆమెకూ ఉండేది కాదు. అందుకే వలస వచ్చిన స్త్రీలు ‘మెర్జ్’ అనే పేరుతో ఒక సంఘం పెట్టుకుని, ఓటు లేకపోయినా మా గొంతు ఉందని వీధుల్లోకి వచ్చారు. నేను రెండు శనివారాలు కరపత్రాలు పంచాను. అంతకు మించి చేశానని చెప్పను.

అమ్మకు ఫోన్‌లో చెబితే, “మనకెందుకు తల్లీ వాళ్ల గొడవ? చదువుకోడానికి వెళ్లావు, చదువుకో” అంది. నాన్నకు చెప్పొద్దని కూడా అంది. ఆ రోజు నేను అమ్మతో వాదించలేదు.

నాతో పనిచేసే ఒక ఐరిష్ అమ్మాయి గురించి చెప్పాలి. మేయో వైపు పల్లెటూరు ఆమెది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేది, మెడలో సిలువ ఉండేది. ఆమె కోటుకు ‘యెస్’ బ్యాడ్జి చూసి నేను ఆశ్చర్యపోయాను. అడిగితే చెప్పింది: “నా దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను. మా ఎదురింటామె తరఫున నేను చెప్పలేను కదా.” వాళ్ల నాయనమ్మ ‘నో’ ఓటు వేసింది. ఇద్దరూ ఒకే కారులో పోలింగ్ బూత్‌కు వెళ్లారు, ఆ ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుని ప్రార్థన చేశారు.

ఆ పిల్ల ఒంటరిది కాదు. 2016 జనాభా లెక్కల్లో ఐర్లండ్‌లో 78 శాతం మంది తాము క్యాథలిక్కులమని రాయించారు. 2018లో 66.4 శాతం మంది ఎనిమిదో సవరణ తీసేయమన్నారు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. క్యాథలిక్కులు పెద్ద సంఖ్యలో ఔనని వేయకుండా ఆ ఫలితం రాదు. వాళ్లు మతం వదిలేయలేదు. తమ మతాన్ని ఇంకొకరి మీద రుద్దే అధికారం ప్రభుత్వం చేతిలో ఉండకూడదన్నారు. నమ్మకం తగ్గడం వల్ల వచ్చిన తీర్పు అని దీన్ని కొట్టేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఆ తీర్పు వెనక యువత ఉంది. ఎగ్జిట్ పోల్ ప్రకారం 18-24 ఏళ్ల వాళ్లలో 100కి దాదాపు 87 మంది ఔనన్నారు. 65 దాటినవాళ్లలో మాత్రమే వద్దన్నవాళ్లు ఎక్కువ. దూరదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలకు పోస్టల్ ఓటు లేదు, అందుకని విమానాలెక్కి వచ్చారు. ఓటు ముందు రోజుల్లో విమానాశ్రయంలో, ఓడరేవులో నల్ల స్వెటర్ల మీద తెల్లక్షరాలతో ‘రిపీల్’ (రద్దు చేయండి) అని వేసుకున్న పిల్లల్ని కౌగిలించుకోవడానికి ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి నిలబడ్డారు. ఇంగ్లండ్ వెళ్లి వచ్చిన స్త్రీలు పేరు చెప్పకుండా, తమ చెప్పుల ఫొటో పెట్టి, కింద తమ కథ రాసుకున్నారు. ఆ కథల్ని పట్టుకుని పిల్లలు ఇంటింటికీ తిరిగారు. ముఖం మీద తలుపు వేసినవాళ్లూ ఉన్నారు, లోపలికి రమ్మని టీ ఇచ్చి, యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని విషయం చెప్పుకుని ఏడ్చిన ముసలమ్మలూ ఉన్నారు. బెళగావి నుంచి సవిత తండ్రి కూడా తన కూతుర్ని గుర్తు చేసుకుని ఔనని ఓటు వేయమని ఐర్లండ్ ప్రజల్ని అడిగాడు.

అదే ఏడాది ఇంకో రెండు జరిగాయి. మనవాళ్లు వాటిని పెద్దగా పట్టించుకోలేదు, నాకు మాత్రం అవి మే నెల ఓటుకు తోబుట్టువుల్లాంటివి. అక్టోబర్ 26న జరిగిన రెఫరెండంలో దైవదూషణ నేరం అనే మాటను రాజ్యాంగం నుంచి తీసేశారు. దాదాపు 65 శాతం మంది ఔనన్నారు. ఇంకోటి బడుల గురించి. ఇక్కడ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 90 శాతం క్యాథలిక్ చర్చి నిర్వహణలోవే. జీతాలు ఇచ్చేది ప్రభుత్వమే. సీట్లకు పోటీ ఉంటే, బాప్తిస్మం సర్టిఫికెట్ ఉన్న పిల్లలకే మొదటి అవకాశం ఇచ్చేవాళ్లు. పక్క వీధిలో బడి ఉన్నా దూరంగా తీసుకెళ్లి చేర్పించిన తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. 2018లో తెచ్చిన చట్టంతో క్యాథలిక్ ప్రాథమిక బడుల్లో ఆ పద్ధతి పోయింది.

నేను చదువుకున్నదీ క్యాథలిక్ బడిలోనే. మా జిల్లాలో ఆర్‌సీఎం బడి లేని పెద్ద ఊరు ఉండదు. ఫిరంగిపురం బాల యేసు చర్చికి మా బడి పిల్లలం బస్సులో వెళ్లేవాళ్లం. సిస్టర్లు మాకు ప్రార్థన నేర్పారు, అమ్మ పెట్టిన బొట్టు మాత్రం తుడవలేదు. మతం ఏదని అడక్కుండా చేర్చుకున్న ఆ బడి మీద నాకు ప్రేమ ఉంది. అందుకే క్యాథలిక్కులను తిట్టే వ్యాసం నేను రాయలేను. ఒక మతం ప్రేమగా ఉండటమూ తెలుసు, అదే మతం చేతికి చట్టం వస్తే ఎలా ఉంటుందో కూడా తెలుసు. తేడా మతంలో లేదు, చట్టం ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది.

ఇక అసలు ప్రశ్న. బిడ్డ మాటేమిటి? కడుపులో పడ్డ క్షణం నుంచే అది నిండు ప్రాణం అని నమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్ల నమ్మకం నిజమైనది, దాన్ని నేను తేలిక చేయను. అయితే ప్రాణం ఎప్పుడు మొదలవుతుందన్నదానికి మతాలన్నీ ఒకే జవాబు చెప్పవు. 120 రోజులకు ఆత్మ ప్రవేశిస్తుందని చెప్పే ఇస్లాం పండితులు ఎందరో ఉన్నారు. తల్లి ప్రాణానికి ముప్పు వస్తే తల్లే ముందు అంటుంది యూదు సంప్రదాయం. మన ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాపం అన్నాయి, అయినా 1971లో మన పార్లమెంటు గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది. ఇన్ని జవాబులున్న చోట ప్రభుత్వం ఒక్కదాన్ని ఎంచుకుని అందరి మీదా పెడితే, మిగతా అందరి మతస్వేచ్ఛా పోయినట్టే. ఆ ఒక్క జవాబును నమ్మే స్త్రీ మాత్రం ఏమీ పోగొట్టుకోదు. చట్టం ఆమెను అబార్షన్ చేయించుకోమనదు. చేయించుకోనని చెప్పే హక్కు ఆమెకు ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా.

డాక్టర్లకూ అంతే. 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐరిష్ చట్టం, మనస్సాక్షి ఒప్పని డాక్టరు అబార్షన్ చేయకపోవచ్చంటుంది. కానీ ఆ స్త్రీని ఆలస్యం చేయకుండా ఇంకో డాక్టరు దగ్గరికి పంపాలంటుంది. ఒకరి అంతరాత్మను కాపాడటానికి ఇంకొకరిని గుమ్మం బయట నిలబెట్టకూడదన్న ఆ ఏర్పాటు నాకు న్యాయంగా అనిపిస్తుంది. 2024లో వచ్చిన ఇంకో చట్టం అబార్షన్ సేవలిచ్చే చోట్లకు 100 మీటర్ల లోపల, వచ్చేవాళ్లను ఆపే ప్రదర్శనలు, ఒత్తిళ్లు వద్దంటుంది. ప్రార్థనను కూడా ఆపుతారా అని కొందరు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ప్రార్థనకు చర్చి ఉంది, ఇల్లు ఉంది, ఊరంతా ఉంది. రక్తం పోతూ వచ్చిన అమ్మాయికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే.

మా దేశంలో 1971 నుంచే చట్టం ఉందని మేయో అమ్మాయితో గర్వంగా చెప్పాను ఒకసారి. “అయితే మీ దగ్గర ఇదంతా సులువేనా?” అని అడిగింది. నేను చాలాసేపు జవాబు చెప్పలేదు.

మా అమ్మకు 23 ఏళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. నేను, తమ్ముడు పుట్టాక ఇక చాలని నాయనమ్మ నిర్ణయించింది. అమ్మను ఎవరూ అడగలేదు, అమ్మా ఎవరినీ అడగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లలో చేయించుకున్నది ఒక శాతం కూడా లేదు. ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారని దశాబ్దాల పాటు చట్టం చెప్పింది. 2024లో ఆ నిబంధన తీసేశారు. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే సభల్లో చెబుతున్నారు. నిబంధన పోవడం మంచిదే. కానీ కనొద్దన్నప్పుడూ, కనమన్నప్పుడూ లెక్క వేసింది వేరేవాళ్లే. మన మతం వాళ్లు తగ్గిపోతున్నారు, ఇంకో ఇద్దర్ని కనండి అని వేదికలెక్కి చెప్పేవాళ్లూ తయారయ్యారు. మతానికి తలలు లెక్కపెట్టుకోవాలనిపించినప్పుడల్లా ఆ లెక్క ఒక ఆడమనిషి కడుపు దగ్గరికే వస్తుంది. ఆమెకు ఆ మతం మీద భక్తి ఉందా లేదా అని కూడా అడగరు.

మతం మార్చుకున్న స్త్రీ అయితే చెప్పక్కర్లేదు. కేరళకు చెందిన హాదియా హోమియోపతి చదువుతున్న 24 ఏళ్ల అమ్మాయి. ఇస్లాం స్వీకరించి పెళ్లి చేసుకుంటే, 2017లో హైకోర్టు ఆ పెళ్లిని రద్దు చేసి తండ్రి ఇంటికి పంపింది. ఆ వయసు ఆడపిల్ల బలహీనురాలని, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని ఆ తీర్పులో ఉంది. నా ఇష్టంతోనే మారాను అని ఆమె కొచ్చి విమానాశ్రయంలో పోలీసుల మధ్య నుంచి విలేకరులకు అరిచి చెప్పింది. 2018 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లుతుందంది. హాదియా నమ్మకంతో మీరు ఏకీభవించనక్కర్లేదు. నేనూ ఆమె దారిన వెళ్లను. కానీ గాల్వేలో సవిత గొంతూ, కొచ్చిలో హాదియా గొంతూ నాకు ఒకటే. ఒకరు ఈ మతం నాది కాదన్నారు, ఒకరు ఈ మతం నాదే అన్నారు. ఇద్దరి మాటా చెల్లాలి. మన రాజ్యాంగం 25వ అధికరణలో మతం కంటే ముందు వచ్చే మాట అంతరాత్మ స్వేచ్ఛ.

చట్టం మనకు చాలా ఇచ్చింది, ఐర్లండ్ పిల్లలు పోరాడి తెచ్చుకున్నదానికంటే కొన్ని విషయాల్లో ఎక్కువే. 2021 సవరణతో ‘భర్త’ అన్న చోట ‘భాగస్వామి’ వచ్చింది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, పెళ్లి కాని స్త్రీకీ 24 వారాల దాకా అదే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. చట్టంలో లేని షరతులు, కుటుంబం అనుమతి లాంటివి, డాక్టర్లు పెట్టకూడదని కూడా చెప్పింది. 18 దాటిన స్త్రీ అయితే, సమ్మతి కావాల్సింది ఆమెది ఒక్కటే. మనకు కరువైంది దాన్ని పైకి చెప్పే గొంతు. ఆస్తి పంపకం గురించి, కులం గురించి, సినిమా గురించి ఇంట్లో గంటలు మాట్లాడుకుంటాం. ఇది మాత్రం గుసగుసగా, తలుపు వేసుకుని.

పోయిన ఏడాది మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పది నెలల బాబు ఉన్నాడు, మళ్లీ నెల తప్పింది, ఏడో వారం. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, అతనికీ ఇప్పుడు వద్దనే ఉంది. అయినా ఆసుపత్రిలో భర్త సంతకం లేకపోతే కుదరదన్నారట. లేదా మామగారిని తీసుకురమ్మన్నారు. “మామయ్యగారికి ఎలా చెప్పను అక్కా?” అని ఏడ్చింది. రెండు వారాలు అలాగే గడిచిపోయాయి. నేను చట్టం తీసి, ఫారం సి అనేది ఒకటి ఉంటుంది, అందులో సమ్మతి సంతకం నీదే అని ఫోన్‌లోనే చదివి చెప్పాను. ఇంకో చోటికి వెళ్లి, అదే చెప్పి, చేయించుకుంది. పక్కన తోడు వెళ్లింది మా అమ్మ.

మా అమ్మే. 2018లో మనకెందుకు తల్లీ అన్న అమ్మ, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. తిరిగొచ్చాక ఫోన్ చేసి, “సంతకం దగ్గర దాని చెయ్యి వణికింది, నేనే పెన్ను పట్టుకోమని ఇచ్చాను” అంది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమెకు తన 23వ ఏడు గుర్తొచ్చిందేమో, నేను అడగలేదు.

మొన్న చెల్లెలు మెసేజ్ పెట్టింది. ఆ చట్టంలో ముక్క తెలుగులో, మామూలు మాటల్లో, ఒక పేజీకి మించకుండా రాసి పంపమంది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు అడిగారట, ఒకరు చర్చికి వెళ్లే ఆమె, ఒకరు బురఖా వేసుకునే ఆమె. రాశాను, పంపాను. భర్త సంతకం అక్కర్లేదన్న వాక్యం నాలుగో పేరాలో ఉందని, దాన్ని అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో పెట్టమని తిప్పి పంపింది. ఈ రాత్రికి మార్చి పంపాలి.